నాలుగు నిమిషాల టీచరు

ఆ టీచరు తమ కళ్లు కప్పి ఏదో నడుపుతోందని కరీముల్లాకి మంగళవారం అనుమానం వచ్చింది. గురువారం ఉదయగిరి బస్సెక్కేసరికి అది అనుమానంగా లేదు, నమ్మకమైపోయింది. ఒడిలో ల్యాప్‌టాప్, అందులో పద్నాలుగు పాఠాల లెక్క. దారి పొడుగునా ఆ లెక్కని కింది నుంచి పైకి, పైనుంచి కిందికి చూసుకున్నాడు. ఎటు నుంచి చూసినా ఒకే జవాబు వచ్చింది.

కరీముల్లాది నెల్లూరు. వయసు ఇరవై ఆరు. మూడేళ్ల కిందట ఒక చిన్న గదిలో ‘గడప’ అనే కంపెనీ పెట్టాడు. కావలి, గూడూరు, ఆత్మకూరు లాంటి ఊళ్లలో ఉన్న పిల్లలకి సముద్రాల అవతల ఉన్న టీచర్లతో ఇంగ్లిషు చెప్పించడం దాని పని. పిల్ల ఇక్కడ ఫోను ముందు కూర్చుంటుంది. టీచరు ఫిలిప్పీన్స్‌లోనో కెన్యాలోనో కూర్చుంటుంది. పాఠం ఇరవై అయిదు నిమిషాలు. ఇప్పుడు పిల్లలు ఆరువందల పద్దెనిమిది మంది, టీచర్లు యాభై నాలుగు మంది. ఎవరడిగినా కరీముల్లా నిన్నటి అంకె చెప్పడు, ఆ పూట అంకె చెబుతాడు.

ముఖాముఖి చూడని మనుషులతో పని. అందుకే మొదట్నుంచీ అతను ఎవరి మాటా నమ్మకుండా లెక్కనే నమ్మాడు. లెక్క అతన్ని రెండుసార్లు కాపాడింది కూడా.

లండన్‌లో ఉంటానని చెప్పిన ఒకాయన వెనక కిటికీలో ఎండ కనిపించేది. డిసెంబరు నెలలో లండన్‌లో పొద్దు ఎన్నింటికి పొడుస్తుందో కరీముల్లా చూశాడు. అక్కడ తెల్లవారడానికి గంటన్నర ముందే ఈయన కిటికీలో ఎండ కాస్తోంది. ఆయన్ని ఆ వారమే తీసేశాడు. ఇంకొకాయన అయితే తన వీడియో తనే ముందుగా తీసి పెట్టుకుని, పిల్లలు చదువుతుంటే దాన్ని తిప్పేవాడు. అందులో ఆయన తలూపుతూ ఉంటాడు. ప్రతి పాఠంలోనూ ఏడో నిమిషం నలభయ్యో సెకనుకి కోడి కూస్తోందని కనిపెట్టింది కరీముల్లానే. ఆ కోడి సంగతి ఆఫీసులో ఏడాదిపాటు చెప్పుకున్నారు.

ఆ తర్వాతే అతను పన్నెండు నిమిషాల నియమం పెట్టాడు. ఇరవై అయిదు నిమిషాల పాఠంలో టీచరు గొంతు కనీసం పన్నెండు నిమిషాలు వినపడాలి. తల్లిదండ్రులు కోరి కొనుక్కునేది ఆ గొంతునే కదా అని అతని వాదన. ఎవరి గొంతు ఎంతసేపు వినపడిందో సాఫ్ట్‌వేర్ కొలుస్తుంది. సరిపోతే పచ్చ, కొంచెం తగ్గితే పసుపు, బాగా తగ్గితే ఎరుపు. వారానికొకసారి ప్రతి టీచరుకీ ఒక్కో పిల్ల విషయంలో ఒక రంగు పడుతుంది. వరసగా మూడు వారాలు ఎరుపు పడితే టీచరుని తీసేయడమే.

మారిసెల్ అనే టీచరుకి ఇప్పుడు రెండు ఎరుపులున్నాయి.

ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో అనే ఊరు ఆమెది. రెండేళ్లుగా గడపలో చెబుతోంది. చేతి కింద ఇరవై ముగ్గురు పిల్లలు. ఇరవై రెండుమంది దగ్గర ఆమె రంగు పచ్చ, సగటున పద్నాలుగు నిమిషాలు. కావలిలో ప్రణవి అనే తొమ్మిదేళ్ల పిల్ల దగ్గర మాత్రం నాలుగు నిమిషాలు. ఒక్కోసారి మూడున్నర. ప్రణవి చేరి ఇది మూడో వారం. పద్నాలుగు పాఠాలకి మూడువందల యాభై నిమిషాలు కావాలి కదా, అందులో ఆమె గొంతు వినపడింది యాభై మూడు నిమిషాలు. నూటికి పదిహేను పాళ్లు.

మిగతా ఎనభై అయిదు పాళ్లు ఏం చేస్తోంది?

కరీముల్లా తవ్వడం మొదలుపెట్టాడు. వీడియోలో ఆమె మాటిమాటికీ తల దించుకుంటోంది. ఒళ్లో ఇంకో ఫోను ఉండొచ్చు. ప్రణవి పాఠాల్లో గొంతు ముక్కలు ముక్కలుగా తెగిన చోట్లని సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టింది, పాఠానికి ముప్ఫై ఒకటి. మిగతా పిల్లల పాఠాల్లో రెండుకి మించవు. ఒకే నెట్టు మీద రెండు పాఠాలు నడిపితే అలాగే తెగుతుంది. అంటే ఈ పిల్లని ఊరికే కూర్చోబెట్టి, అదే సమయంలో ఇంకెక్కడో ఇంకెవరికో చెబుతోంది.

అన్నిటికన్నా అతనికి మింగుడుపడనిది ఇంకొకటి. ప్రణవి తండ్రి ప్రతి పాఠానికీ అయిదు స్టార్లు ఇచ్చాడు. పద్నాలుగుకి పద్నాలుగు సార్లు. నాలుగు నిమిషాలు మాట్లాడిన టీచరుకి ఎవరైనా అయిదు స్టార్లు ఇస్తారా?

తండ్రి పేరు పెంచల ప్రసాద్. రొయ్యల చెరువులు చూసుకుంటాడు. కరీముల్లా బుధవారం ఫోను చేశాడు. పాఠాలు ఎలా ఉన్నాయని అడిగితే, బాగానే ఉన్నాయన్నాడు. టీచరుని మార్చి ఇంకా మంచి టీచరుని ఇస్తామంటే ఆయన గొంతు మారిపోయింది.

“మార్చబాక అబ్బయా,” అన్నాడు. “ఇంకేం అడగబాక. ఆమెనే ఉంచు.”

పాప బాగా మాట్లాడుతోందా అని అడిగేలోపు ఫోను పెట్టేశాడు.

అంటే తండ్రి కూడా ఇందులో ఉన్నాడు. ఇద్దరూ కలిసి కంపెనీకి తెలీకుండా విడిగా పాఠాలు మాట్లాడుకుని ఉంటారు. ఇక్కడి పాఠం పైకి కనిపించే తెర మాత్రమే. లెక్క తేలిపోయిందని కరీముల్లా అనుకున్నాడు.

టీచర్ల వ్యవహారాలు చూసే ఝాన్సీ మాత్రం ఒప్పుకోలేదు. ప్రతి పాఠం కిందా మారిసెల్ ఒకే ముక్క రాస్తోందని, అది చూశావా అని అడిగింది. చూశాడు. ‘ఆలోచిస్తోంది, ఆగాను’ అని ఉంది. అంతకన్నా మంచి సాకు ఏ దొంగకి దొరుకుతుందన్నాడు కరీముల్లా. అంత పెద్ద అనుమానం ఉన్నప్పుడు ఆమెనే ఒక్క మాట అడగొచ్చు కదా అంది ఝాన్సీ. దొంగని అడిగితే దొంగ జాగ్రత్తపడుతుందన్నాడు.

“రేపు నీ నిఖాకి ఖాజీ వస్తే ఆయన ఎన్ని నిమిషాలు చదివాడో చూసి స్టార్లిస్తావు నువ్వు,” అంది ఝాన్సీ, ఫైలు మూస్తూ. “పోయి మీ హజ్రత్‌నన్నా అడిగి రా. శనివారం దాకా ఆమెని ముట్టుకోబాక.”

శనివారం దాకా ఎందుకు? గురువారం సాయంత్రం అయిదింటికి ప్రణవి పాఠం ఉంది. ఈ వారానికి అదే చివరిది. అది కాగానే మూడో ఎరుపు పడుతుంది. హజ్రత్ ఒక్కసారి తలూపితే అక్కడికక్కడే ఆ పని ముగించెయ్యొచ్చనుకుని బయల్దేరాడు.

హజ్రత్ అంటే గఫార్ సాహెబ్. ఉదయగిరిలో కొండ కిందుగా రేకుల పంచలో కూర్చుని చెక్కతో చెంచాలు, గరిటెలు చెక్కుతాడు. డెబ్భై దాటినా చేతికి వణుకు లేదు. ఆయన సూఫీ గురువుల పరంపరలోని మనిషని ఊళ్లో అందరికీ తెలుసు. అయినా ఆయన ప్రసంగం చేయగా విన్నవాళ్లు లేరు. ఎవరైనా బాధ చెప్పుకోవడానికి వస్తే చేతికి ఒక చెంచా, ఒక గరుకు కాగితం ఇస్తాడు. వాళ్లు రుద్దుతూ చెబుతారు. ఆయన చెక్కుతూ వింటాడు.

రెండేళ్ల కిందట కరీముల్లా అక్కడికి వంద చెంచాలు కొనడానికి వెళ్లాడు, పండక్కి తల్లిదండ్రులకి కానుకగా పంపాలని. చెంచాలు తయారయ్యేదాకా కూర్చుని రుద్దాడు. ఆ రోజు తన బుర్ర ఎందుకంత తేలికపడిందో అతనికి లెక్క తేలలేదు. అప్పట్నుంచి వీలైన ప్రతి గురువారం వస్తున్నాడు.

ఇవాళ అతను చెంచా అందుకోలేదు. పంచలో అడుగుపెడుతూనే ల్యాప్‌టాప్ తెరిచి చాప మీద పెట్టాడు. మారిసెల్ సంగతి మొదట్నుంచీ చెప్పాడు. అంకెలు చెప్పాడు, రంగులు చూపించాడు, తల దించుకున్న బొమ్మలు పదకొండు చూపించాడు. తండ్రి ఫోను సంగతి చెప్పాడు. లండన్ ఎండ, కోడి కూత కూడా మళ్లీ చెప్పాడు, తను ఊరికే అనుమానించే మనిషి కాదని తెలియడానికి.

గఫార్ సాహెబ్ ఆకురాయితో ఒక గరిటె అంచుని రాస్తూ విన్నాడు. చెప్పడం అయిపోయాక కూడా రాస్తూనే ఉన్నాడు. కరీముల్లాకి ఆ మౌనం ఎప్పుడూ ఇబ్బందే. అడక్కుండానే ఇంకొంచెం చెప్పాడు. దయ చూపిస్తే మిగతా యాభై ముగ్గురూ నేర్చుకుంటారన్నాడు. ఒక్కరిని వదిలితే నియమానికి విలువేముందన్నాడు.

“పచ్చ, పసుపు, ఎరుపు,” అన్నాడు పెద్దాయన చివరికి. “నువ్వు ఇక్కడికి వచ్చి రెండేళ్లయింది కదా బేటా. నా రంగేమిటి?”

కరీముల్లా నవ్వాడు. కానీ అతని బుర్ర ఆగదు. గురువారానికి పది మాటలు, పోనీ పదిహేను. లోపల తేలిన రంగుని పైకి చెప్పలేదు.

“సరే, ఆమె పాఠం వినిపించు,” అన్నాడు పెద్దాయన.

కరీముల్లా మంగళవారం పాఠం పెట్టాడు. మారిసెల్ ఏదో అడిగింది. వెంటనే పిల్ల గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. వెంటనే మళ్లీ మారిసెల్. మళ్లీ ముక్కలు. బొమ్మ ఒక చోట నుంచి ఇంకో చోటికి గెంతుతోంది. విన్నారా, నెట్టు ఎలా తెగుతోందో అన్నాడు కరీముల్లా. ఆరు నిమిషాల్లో పాఠం అయిపోయింది.

“ఇరవై అయిదు అన్నావే?”

“మిగతాదంతా ఖాళీ, హజ్రత్. ఎవరూ మాట్లాడని చోటుని సాఫ్ట్‌వేరే కోసేస్తుంది. వారానికి వందల పాఠాలు వినాలి కదా. ఖాళీని కూర్చుని వినలేం.”

“కోసిన ముక్కలు ఎక్కడ పెట్టావు?”

“ఎక్కడా ఉండవు. పారేస్తుంది.”

గఫార్ సాహెబ్ గరిటెని పక్కన పెట్టాడు. తర్వాత, అయిదింటికి కోయని పాఠం దొరుకుతుందా అని అడిగాడు.

దొరుకుతుంది. జరుగుతున్న పాఠంలోకి కనపడకుండా, వినపడకుండా వెళ్లి కూర్చునే వీలు కరీముల్లాకి ఒక్కడికే ఉంది. ఆఫీసులో దాన్ని గోడచాటు అంటారు. అసలు అతను అనుకున్నదీ అదే. గోడచాటున కూర్చుని ఆమెని పట్టుకోవాలి. తీసేసే మీట కూడా పక్కనే తెరిచి పెట్టుకున్నాడు. హజ్రత్ సాక్షిగా ఉంటే ఇంకా మంచిది. ఇంగ్లిషు రాదు కాబట్టి ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతానన్నాడు.

“వద్దు. నువ్వు కూడా వినాలి కదా,” అన్నాడు పెద్దాయన.

అయిదు గంటలకి తెర మీద రెండు గదులు కనిపించాయి. ఒక దాంట్లో మారిసెల్. ముప్ఫై అయిదేళ్లుంటాయి, జుట్టు ముడివేసుకుంది, వెనక పూల తెర. రెండో దాంట్లో ప్రణవి, ప్లాస్టిక్ కుర్చీలో. రెండు జడలు, గోడకి తగిలించిన బడి సంచి, పైన తిరుగుతున్న ఫ్యాను.

మారిసెల్ పలకరించింది. పిల్ల చేయి ఊపింది. మారిసెల్ అడిగింది, ఇవాళ బడికెళ్లే దారిలో ఏం చూశావని.

తర్వాత ఏమీ లేదు.

కరీముల్లా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పది సెకన్లు. ఇరవై. ముప్ఫై. ఇంత ఖాళీని అతను ఎప్పుడూ వినలేదు. ముప్ఫై అయిదో సెకనుకి మారిసెల్ తల దించుకుంది.

“చూశారా, ఫోను చూస్తోంది,” అన్నాడు కరీముల్లా. వేలు మీట మీదికి వెళ్లింది.

గఫార్ సాహెబ్ తన చేతిని అతని చేతి మీద పెట్టాడు. గట్టిగా పట్టుకోలేదు. పొట్టు అంటుకున్న, బరువైన చేయి. ఊరికే అలా ఉంచాడు.

యాభై సెకన్లు. నిమిషం. మారిసెల్ గదిలో ఎక్కడో ఒక గిన్నె చప్పుడైంది. అవతల ఇంకెవరో ఉన్నారు. కరీముల్లా ఆ సంగతి చెబుదామనుకున్నాడు, కానీ చేతి మీది బరువు కదల్లేదు. నిమిషం పది.

పిల్ల నోరు తెరిచింది. బ, బ, బ అని వచ్చి ఆగింది. మళ్లీ బ, బ.

నెట్టు తెగుతోంది. కరీముల్లా అలవాటుగా తెర మూలకి చూశాడు. మారిసెల్ గదిలో నెట్టు గీతలు నిండుగా ఉన్నాయి. ప్రణవి గదిలో గీతలు కూడా నిండుగానే ఉన్నాయి.

అతను పిల్ల వైపు చూశాడు. పైన ఫ్యాను ఎక్కడా గెంతకుండా తిరుగుతోంది. ఆ గాలికి సంచి పట్టీ మెల్లగా ఊగుతోంది. తెర మీద అన్నీ సాఫీగా కదులుతున్నాయి. పిల్ల పెదాలు మాత్రం ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. మెడ మీద నరం ఉబ్బింది. కళ్లు మూసుకుంది. కుర్చీ అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి.

“బఫెలో,” అంది.

అప్పుడు మారిసెల్ తలెత్తి, కుర్చీలో వెనక్కి జరిగింది. ఆమె ఒళ్లో ఫోను లేదు. మడత పెట్టిన రెండు చేతులున్నాయి. ఆమె భేష్ అనలేదు, చప్పట్లు కొట్టలేదు. పెద్దవాళ్లు దారిలో కలిసి మాట్లాడుకున్నట్టు, అది ఒక్కటే ఉందా, మందా అని అడిగింది.

మళ్లీ ఖాళీ.

కరీముల్లా సెకన్లు లెక్కపెట్టడం ఎక్కడ మానేశాడో అతనికే తెలీదు. ఆ ఖాళీలో చాలా జరుగుతోంది. పిల్ల ఒక మాట వెతుక్కుంటోంది, దొరికాక దాన్ని బయటికి లాగుతోంది, మధ్యలో వదిలేసి మళ్లీ పట్టుకుంటోంది. పిల్ల గుంజాటన పడుతున్నంతసేపూ మారిసెల్ చూపు కిందికే ఉంది. మాట బయటపడగానే పైకి లేస్తోంది. ఒకసారి పిల్ల ‘ఫోర్’ అనబోయి మొదటి అక్షరం దగ్గరే చిక్కుకుపోయింది. నాలుగని కరీముల్లాకి అర్థమైపోయింది. అతని పెదాలు వాటంతటవే ఆ మాట అనేశాయి. గోడచాటున ఉన్నాడు కాబట్టి పిల్లకి వినపడలేదు. పక్కనున్న పెద్దాయనకి వినపడింది.

పద్నాలుగు పాఠాలు. పాఠానికి ముప్ఫై ఒక్క తెగిన చోట్లు. నాలుగువందల ముప్ఫై నాలుగుసార్లు ఈ పిల్ల ఇలా కళ్లు మూసుకుని ఉంటుంది. ఆ అంకె తేలిందే గానీ, దాన్ని ఏ గడిలో వేయాలో తెలీలేదు.

పిల్లని చేర్చేటప్పుడు నింపే కాగితంలో ఒక గడి ఉంటుంది, మీ పాప గురించి మేం తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా అని. పెంచల ప్రసాద్ అందులో ఏమీ లేదని రాశాడు. ఇంకేం అడగబాక అని ఫోనులో అన్న గొంతు కరీముల్లాకి ఇప్పుడు వేరేగా వినపడింది.

ఇరవై మూడో నిమిషంలో ప్రణవి అడక్కుండానే ఒక వాక్యం చెప్పింది. గేదె ఒకటి వాళ్ల ఆటోని కదలనివ్వలేదని. ఆ అయిదారు మాటలు చెప్పడానికి ఒకటిన్నర నిమిషం పట్టింది. చెప్పేసి తనే నవ్వింది. మారిసెల్ కూడా నవ్వింది. తర్వాత ఏమైందని అడిగింది. తర్వాత ఏమైందో మళ్లీ పాఠంలో చెబుతానని పిల్ల చేత్తో సైగ చేసింది. పాఠం అయిపోయింది.

తెర మీద అంకె పడింది. టీచరు గొంతు మూడు నిమిషాల యాభై సెకన్లు. దాని కింద ఎరుపు. మూడోది. ఎరుపు పక్కన తీసేసే మీట దానంతటదే వెలిగింది. ఆ ఏర్పాటు కూడా కరీముల్లా చేసిందే.

గఫార్ సాహెబ్ తన చేయి తీసేశాడు.

కరీముల్లా మీట వైపు చూశాడు. చెయ్యి విడిగానే ఉంది, కదల్లేదు. మెల్లగా అన్నాడు, తప్పు తనది కాదని. సాఫ్ట్‌వేర్‌కి నత్తికీ నెట్టుకీ తేడా తెలీదని. తండ్రి ముందే చెప్పి ఉంటే సరిపోయేదని. టీచరు కూడా ఇంకొంచెం వివరంగా రాయాల్సిందని. ఒక్కో మాటా అనేకొద్దీ అతని గొంతు తగ్గుతూ వచ్చింది. రేపే ఒక కొత్త గడి పెడతాననీ, ఇలాంటి పిల్లలకి వేరే రంగు పెడతాననీ అన్నాడు.

“పెట్టుకో,” అన్నాడు పెద్దాయన. “ముందు ఆ టీచరమ్మకి ఫోను చెయ్యి.”

“ఏం చెప్పను, హజ్రత్?”

“ఆమెకి చెబుదామని నెల్లూరు నుంచి ఒక మాట తెచ్చావుగా. అదే చెప్పు. నోటికి వస్తే.”

కరీముల్లా ఫోను చేశాడు. రెండో మోతకే మారిసెల్ ఎత్తింది. ఈ రెండేళ్లలో కంపెనీ యజమాని ఆమెకి స్వయంగా ఫోను చేయడం అదే మొదలు. ఆమె గొంతులో ఆశ్చర్యం లేదు.

“ఎరుపు పడింది, చూశాను సర్,” అంది. “మూడోది. తీసేస్తారని తెలుసు. నాకు సంజాయిషీ ఏమీ వద్దు. ఒక్కటి అడగొచ్చా?”

అడగమన్నాడు.

“ప్రణవిని ఎవరికి అప్పగించినా, ఆ పిల్ల మాటని వాళ్లు పూర్తి చేయొద్దని చెప్పండి. ఏం చెప్పబోతోందో మనకి ముందే తెలిసిపోతుంది సర్. అయినా చేయొద్దు. ఎటు చూడాలో తెలీకపోతే కిందికి చూడమనండి. మాట వస్తుంది. కొంచెం ఆలస్యంగా వస్తుంది, అంతే.”

కరీముల్లా నోరు తెరిచాడు.

ఎన్ని మాటలున్నాయో అన్నీ అక్కడే ఉన్నాయి. మిమ్మల్ని తీసేయడం లేదన్న మాట ఉంది. క్షమించమన్న మాట ఉంది. దొంగ అనుకున్నానన్న మాట కూడా ఉంది. ఒకదాన్నొకటి తోసుకుంటూ గొంతు దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. ఏది ముందు రావాలో తెలీక ఏదీ రాలేదు. చెవి దగ్గర ఫోను వేడెక్కుతోంది. పక్కన గఫార్ సాహెబ్ ఆకురాయిని తీసుకోలేదు, కదల్లేదు.

అవతల మారిసెల్ హలో అనలేదు. లైను తెగిందా అని అడగలేదు.

ఆగింది.